క్లిప్పులు లేని తాడు

పోయిన నెల అట్లాంటా పక్కన అల్ఫారెట్టా నుంచి ఫోన్ వచ్చింది. నా చిన్నప్పుడు మా పక్క పోర్షన్‌లో ఉన్న అంకుల్ కూతురు. వాళ్ళ నాన్న పోయి మూడు వారాలైంది. ఇల్లు సర్దుతోందట.

"అక్కా, డాడీ క్లాజెట్‌లో షూ బాక్స్ ఉంది. లోపల ఒక తాడు. చాలా ఓల్డ్. రెండు తాళ్ళు ట్విస్ట్ చేసి ఉంది. ఇంకేం లేదు. త్రో చేసేయొచ్చా?"

"పారేయకు," అన్నాను.

"ఎందుకు? అదేంటి?"

"బట్టలు ఆరేసే తాడు."

"డాడీ ఎప్పుడూ బట్టలు ఆరేయలేదు. మాకు డ్రైయర్ ఉంది కదా."

ఫోన్‌లో చెప్పే సంగతి కాదు, రాసి పంపుతానన్నాను. ఆ పిల్లకి తెలుగు చదవడం రాదు, ఎవరిచేతనైనా చదివించుకుంటుంది. నాకూ మొన్నమొన్నటిదాకా రాదు. ఎనిమిదేళ్ళప్పుడు షికాగో పక్కన అరోరా వచ్చి, యాభై దాటాక మా తెలుగు చర్చిలో పిల్లల కుర్చీలో కూర్చుని అక్షరాలు దిద్దినదాన్ని. సొగసులు చేతకావు. ఉన్నది రాస్తాను. అంకుల్ బతికుండగా ఇది రాయగలిగేదాన్ని కాదు.

ఆ తాడు వాళ్ళ నానమ్మది.

ఆవిడ పేరు నాకు తెలియదు. పెద్దవాళ్ళు "వాళ్ళమ్మ" అనేవారు, పిల్లలం "మామ్మ" అనేవాళ్ళం. ఆరేడేళ్ళలో ఒక్కరూ పేరు అడగలేదు. నేనూ అడగలేదు. ఆవిడ పోయినప్పుడు ఫ్యూనరల్ హోమ్ గుమ్మం దగ్గర బోర్డు మీద రాసే ఉంటారు. నేను బోర్డు చూడలేదు.

డెబ్భైల చివర మేం అద్దెకున్నది పాత ఇల్లు. ఒక కప్పు కింద రెండు పోర్షన్లు, ఇద్దరికీ కలిపి ఒక బేస్‌మెంట్, ఒక పెరడు. పెరట్లో రెండు ఇనప స్తంభాలు, మా కంటే ముందెవరో బట్టలు ఆరేసుకోవడానికి పాతినవి. మా అమ్మ హాస్పిటల్లో నైట్ డ్యూటీ నర్సు, నాన్న ఫ్యాక్టరీలో మెషీన్ మీద. పక్క పోర్షన్‌లో అంకుల్ ఇంజనీరు, ఆంటీ బ్యాంకులో. వాళ్ళకి పాప పుట్టాక, చూసుకోవడానికి గుంటూరు వైపు నుంచి మామ్మని రప్పించారు. ఇప్పుడు ఫోన్ చేసింది ఆ పాపే.

మామ్మ పొట్టి మనిషి. నడుం పైన చిన్న పిల్లంత, మోచేతుల కింద మగవాడంత. వేళ్ళ మధ్య చర్మం తెల్లగా చిట్లి ఉండేది, ఏ క్రీము రాసినా కలిసేది కాదు. దేన్నైనా ముందు ముక్కు దగ్గర పెట్టుకునేది. టవలైనా, రొట్టె అయినా, ఇండియా నుంచి వచ్చిన ఉత్తరమైనా. చదువు లేదు కనుక అంకుల్ ఆఫీసు నుంచి వచ్చి చదివేదాకా ఆగాలి. ఆలోగా వాసన చూసి, "పొయ్యి దగ్గర కూర్చుని రాశారే. ఇంట్లో గ్యాస్ ఇంకా రాలా" అనేది. సాయంత్రం అంకుల్ చదివితే చాలాసార్లు అదే నిజం.

బేస్‌మెంట్‌లో వాషర్, డ్రైయర్ ఉన్నాయి. వాషర్‌ని మామ్మ పెద్దగా తిట్టలేదు. డ్రైయర్‌లోంచి వచ్చిన బట్టని మాత్రం ముక్కు దగ్గర పెట్టుకుని మొహం తిప్పేసుకునేది. "ఎండ తగలని బట్ట, జెరమొచ్చిన మనిషి వంటిదే పాపా. వెచ్చగా ఉంటది గానీ బాగుందని కాదు."

అంకుల్ ఆవిడకు ఒకే ఒక్క మాట చెప్పాడు. "అమ్మా, ఇంట్లో మెషీనుంది. నువ్వు బట్టల జోలికి పోవద్దు. బయట ఆరేయొద్దు. మనవాళ్ళు వస్తూ పోతూ ఉంటారు."

ఆవిడ సరేనంది. ఉదయం ఏడున్నరకి రెండు కార్లూ కదిలేవి. పాప నిద్రపోగానే వెనక మెట్టు బండ అయ్యేది. సిమెంటు మెట్టు మీద అంకుల్ చొక్కాలు ఫట్ ఫట్ మని మోగేవి, ప్రతి దెబ్బకీ ఆవిడ నోట్లోంచి పళ్ళ సందున గాలి వచ్చేది. తర్వాత బియ్యం డబ్బా అడుగు నుంచి తాడు తీసేది. రెండు తాళ్ళని కలిపి గట్టిగా పురిపెట్టి స్తంభాల మధ్య లాగి కట్టేది. పురుల మధ్య సందు చేసి బట్ట కొన దూర్చి వదిలేది. అంతే. షికాగో గాలికి కూడా ఊడేది కాదు. ఒక్క క్లిప్పు లేదు.

కంచెకి అవతల ఒక తెల్ల ముసలావిడ సోమవారం సోమవారం బట్టలు ఆరేసుకునేది. మామ్మకి క్లిప్పులు లేవని జాలిపడి, ఒకరోజు గుడ్డ సంచీ నిండా కొయ్య క్లిప్పులు ఇచ్చింది. మామ్మ రెండు చేతులతో పుచ్చుకుని, దణ్ణం పెట్టి, వాటిని బియ్యం సంచికి, పప్పు సంచికి, చిప్స్ పొట్లానికి పెట్టింది. తాడుకి ఒక్కటీ పెట్టలేదు.

"ఆవిడ చూస్తే బాధపడుద్ది మామ్మా, ఒకటి పెట్టు."

"దేనికే? బట్ట దొంగతనం చేసిందా, చెవి పట్టుకుని నిలబెట్టటానికి?"

నేను మూడింటికి స్కూల్ నుంచి వచ్చేదాన్ని. అమ్మ నైట్ డ్యూటీ చేసొచ్చి పడుకుని ఉండేది, లేపకూడదు. నేరుగా పెరట్లోకే పోయేదాన్ని. దుప్పటి రెండో కొస పట్టుకోవడం నా పని. సెలవుల్లో ఉతకడం, గంజి కాచడం కూడా నేర్పింది. చలికాలంలో కూడా ఆరేసేది. ప్యాంట్లు గడ్డకట్టి చెక్కల్లా తయారయ్యేవి. అంకుల్ ప్యాంటుని తీసి మంచులో నిలబెట్టి, "సూడు, తాసిల్దారు గారు ఎట్టా నిలబడ్డాడో. నాతో మాట్టాడతాడేమో అడుగు" అనేది. నేను పడీ పడీ నవ్వేదాన్ని. అంకుల్ ఇంట్లో ఆవిడతో ఎంత తక్కువ మాట్లాడతాడో నాకు అప్పుడు తట్టలేదు.

నాలుగున్నరకల్లా తాడు విప్పేసి బియ్యంలో దాచేది. మడతపెట్టిన బట్టలు, డ్రైయర్‌లోంచి వచ్చినట్టు, బుట్టలో పడేసేది. అంత కష్టపడి ఆరేసిన బట్టని చేత్తో కొంచెం నలిపేది, అనుమానం రాకుండా. ఆ నలపడం మాత్రం ఆవిడకి నచ్చేది కాదు.

ఎందుకు దాచాలని అడిగితే చెప్పింది. "మావోడు ఇక్కడ అందరికీ ఆళ్ళ నాయన హెడ్‌మాస్టరని చెప్పాడంట. పూర్తిగా అబద్ధం కాదులే. ఆయన హెడ్‌మాస్టరు గారి చొక్కాలు ఇస్త్రీ చేసినోడే. అంత దగ్గరదాకా పోయాడు." తనే నవ్వి, నవ్వు ఆపి, "ఆయన పోయినాక నలభై ఇళ్ళకి, మిషన్ కాంపౌండు మొత్తానికీ నేనే ఉతికాను. ఆ బట్టల మీదే ఈణ్ణి ఇంజనీరు చేశాను. ఎవరికీ చెప్పమాక పాపా. చెప్తే ఆడికి తలకాయ ఎత్తుకోను ఉండదు. నన్ను ఈ పెరట్లోకి రానియ్యడు" అంది.

చెప్పనన్నాను. యేసు మీద ఒట్టేశాను.

ఆవిడ మా గుట్టు ఒకటి దాచింది. అది చెప్పకపోతే నా తప్పు ఎంతదో తెలియదు. బేస్‌మెంట్‌లో వాషర్‌లో మా బట్టలు మిగిలిపోతే అవీ తెచ్చి ఆరేసేది. ఒకరోజు మా నాన్న నీలం యూనిఫాం చొక్కా చేతిలో పట్టుకుని కాలర్, చేతులు తిప్పి తిప్పి చూసింది.

"మీ నాయన రోజూ పనికి పోతన్నాడా?"

"పోతున్నాడు. టిఫిన్ బాక్స్ కూడా పట్టుకెళ్తాడు."

"రెండు వారాల్నించి ఈ చొక్కాకి నూనె మరక లేదే." చొక్కా కొన తాడు పురిలో దూర్చింది. "మీ అమ్మకి చెప్పమాక. ఆయనే చెప్పుకుంటాడు. బట్ట అబద్ధమాడదు గానీ, మనం నోరు మూసుకోవచ్చు."

నాన్న లే ఆఫ్ అయ్యాడని మాకు ఆ తర్వాత నెలకి తెలిసింది. పగలంతా లైబ్రరీలో కూర్చునేవాడట. మామ్మ ఎవరితోనూ అనలేదు.

అప్పట్లో మా తెలుగువాళ్ళకి చర్చి బిల్డింగ్ లేదు. నెలకోసారి ఎవరో ఒకరి లివింగ్ రూమ్‌లో ఆరాధన జరిగేది. ప్రభువు దగ్గర అందరం ఒక్కటే అని పాడేవాళ్ళం. పాట అయ్యాక, కాఫీ తాగుతూ, ఏ ఊరు, ఎవరి తాలూకు అని అడిగి తెలుసుకునేవాళ్ళం. ఆ అడగడంలో ఏం ఉండేదో పెద్దయ్యాక అర్థమైంది. అంకుల్‌ని సంఘపెద్దగా పెట్టాలని ఆ రోజుల్లో మాట నడుస్తోంది.

ప్రభురాత్రి భోజనం బల్లమీద పరిచే తెల్లగుడ్డ ఒకటి ఉండేది. నెలకొకరు ఉతికి తేవాలి. ఆ నెల మా అమ్మ వంతు. గుడ్డ మీద ద్రాక్షరసం పెద్ద మరక. అమ్మ బ్లీచ్ పోసింది, మరక పోలేదు, చుట్టూ పచ్చబడింది. అమ్మ ఏడవడమొకటే తక్కువ. నేను గుడ్డ తీసుకుని వెనక మెట్టు దగ్గరికి పరిగెత్తాను.

రెండు రోజులు పట్టింది. ఏం చేసిందో పూర్తిగా చూడలేదు. ఉప్పు, నిమ్మకాయ, మరిగే నీళ్ళు, ఆ తర్వాత గడ్డి మీద తడిగా పరిచి ఎండ. చివర నీలిమందు, పల్చటి గంజి. నీలిమందు ఇండియా నుంచి కొంగున కట్టి తెచ్చుకుంది. ఇస్త్రీ చేసి మడతపెట్టి నా చేతుల్లో పెట్టినప్పుడు నలపలేదు. "ఇది దేవుడి గుడ్డ," అంది. "నలపటానికి చెయ్యి రావట్లా."

ఆ నలపకపోవడమే కొంప ముంచింది. మిగతాది నేను ముంచాను.

ఆదివారం ఆరాధన అంకుల్ వాళ్ళింట్లోనే. మాతో ఒక రిటైర్డ్ టీచరమ్మ వచ్చేది, కొడుకు దగ్గర ఉండటానికి వచ్చినావిడ. మిషన్ స్కూల్లో ముప్ఫై ఏళ్ళు పాఠం చెప్పిన మనిషి. గుడ్డ విప్పబోయి ఆగింది. మడత అంచు మీద బొటనవేలు పెట్టి నడిపింది.

"ఈ మడత చూసి ఎన్నేళ్ళయిందమ్మా! ఇది చాకలి మడత. గంజి కూడానూ. అమెరికాలో ఎవరు ఉతికారు?"

మా అమ్మ, "నేను మెషీన్‌లోనే వేశానండీ," అంది. అమ్మకి నిజంగా తెలియదు, నేనే బ్లీచ్ ఇంకోసారి పోశానని చెప్పాను.

"మెషీన్‌కి ఇది రాదు."

నాకు పదకొండేళ్ళు. గదిలో ముప్ఫైమంది. నాకు తెలిసిన సంగతి వాళ్ళలో ఒక్కరికీ తెలియదు. మామ్మ వంటింటి గుమ్మంలో పాపని ఎత్తుకుని నిలబడి ఉంది, అందరూ గుడ్డని మెచ్చుకుంటుంటే ఆవిడ మొహం వెలుగుతోంది. ఆ వెలుగు చూసి నేను ఒట్టు మర్చిపోయాను. మర్చిపోయానని రాస్తున్నాను గానీ, మర్చిపోలేదు. గొప్ప కోసం చెప్పాను.

"మామ్మ ఉతికింది! మామ్మకి అన్నీ వచ్చు. క్లిప్పులు లేకుండా ఆరేస్తుంది. వాళ్ళ ఊళ్ళో నలభై ఇళ్ళకి, మిషన్ కాంపౌండ్ మొత్తానికి మామ్మే ఉతికేది!"

ముప్ఫైమందీ మామ్మ వైపు తిరిగారు. టీచరమ్మ గుడ్డ బల్ల మీద పరిచి, చేత్తో సర్ది, మెల్లగా అంది. "మంచిదేనమ్మా. కష్టపడటంలో తప్పేముంది." తర్వాత అంకుల్ వైపు తిరిగింది. "మరి మీ నాన్నగారు హెడ్‌మాస్టరన్నారు కదా బాబూ?"

"ఆరాధన మొదలుపెడదాం," అన్నాడు అంకుల్.

మామ్మ పాప తల మీద కొంగు కప్పింది, ఎండేమీ లేకపోయినా.

మంగళవారం పొద్దున వాళ్ళ ముందు గుమ్మంలో ఒక సంచి ఉంది. గురువారానికి నాలుగు. అన్నీ కాటన్ చీరలు. "మామ్మగారూ, ఊరికే కూర్చుంటారు కదా, కాస్త గంజి పెట్టి ఇద్దురూ." 'గారూ' అంటూనే సంచి కాళ్ళ దగ్గర పెట్టారు. ఎవరూ చేతికివ్వలేదు.

మామ్మ సంతోషపడింది. ఇది చెప్పడం నాకు కష్టంగా ఉంది, కానీ సంతోషపడింది. అమెరికా వచ్చాక ఆవిడతో ఎవరికైనా పని పడటం అదే మొదలు. నేను స్కూల్ నుంచి వచ్చేసరికి తాడు నిండా చీరలు, రంగులు రంగులు, పెరడంతా తిరునాళ్ళలా ఉంది. "ఈ పచ్చది ఆ టీచరమ్మది. అంచు సూడు, నేల మీద ఈడవకుండా కడుద్ది. కుదురైన మనిషే."

ఆ రోజు అంకుల్ మూడున్నరకే వచ్చాడు. కారు దిగి నేరుగా పెరట్లోకి వచ్చాడు. అరవలేదు. టై వదులు చేసుకుని తాడు వంక చూస్తూ నిలబడ్డాడు.

"అక్కడా చాకలివే, ఇక్కడా చాకలివేనా అమ్మా?"

"ఉతికితే తప్పేందయ్యా? అడిగారు, ఉతికాను."

"నిన్ను ఉతకమని కాదు వాళ్ళు అడిగింది."

ఒక స్తంభం దగ్గర ముడి లాగాడు. తడి చీరలన్నీ గడ్డి మీద పడ్డాయి. నాలుగు సంచుల్లోనూ తడివి తడిగానే కుక్కి, కార్‌లో వేసుకుని ఎవరివి వాళ్ళకి ఇచ్చొచ్చాడు. సంఘపెద్దగా వేరే ఆయన్ని పెట్టారు.

ఆయన వెళ్ళాక మామ్మ ఖాళీ తాడు మోచేతికి చుట్టుకుంటూ నా వైపు చూసింది. పేరు పెట్టి అడిగింది.

"నువ్వు కావాలనే చెప్పావా?"

"లేదు మామ్మా. నోరు జారింది."

ఆవిడ నా మొహం చూడలేదు. నా ఫ్రాకు కాలర్ చూసింది. నేను అబద్ధమాడేటప్పుడు కాలర్ నములుతానని నాకు అప్పటిదాకా తెలియదు. "సరేలే," అంది. "తడిసింది. పోయి మార్చుకో."

నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

రెండు నెలల్లో వాళ్ళు కొత్తగా కట్టిన కాలనీలో ఇల్లు తీసుకుని వెళ్ళిపోయారు. అక్కడ అన్ని ఇళ్ళూ ఒకే రంగు. పెరట్లో తాళ్ళు కట్టకూడదని కాగితం మీద సంతకం పెట్టించుకుంటారట. అంకుల్‌కి ఆ రూలు నచ్చే ఆ ఇల్లు తీసుకున్నాడని మా అమ్మ అనేది. తర్వాత ఐదేళ్ళలో నేను పదిసార్లు కూడా పోలేదు. వెళ్ళినప్పుడల్లా మామ్మ డ్రైయర్ ఎదురుగా కుర్చీలో ఉండేది. అది తిరిగినంతసేపు చూసి, ఆగాక తలుపు తీసి, ఒక టవల్ ముక్కు దగ్గర పెట్టుకుని, మళ్ళీ లోపలే పెట్టేసేది. చేతుల చిట్లు పూర్తిగా మానిపోయాయి. ఆంటీ అది చూపించి, "ఎంత మెత్తబడ్డాయో చూడు," అంది నాతో, సంబరంగా. మామ్మ చేతులు చీర కింద దాచుకుంది.

మంచు కరిగే రోజుల్లో పోయింది. గుండె అన్నారు.

మర్నాడు పొద్దున అంకుల్ మా ఇంటికి వచ్చాడు. మేం ఇంకా ఆ పాత ఇంట్లోనే ఉన్నాం. చేతిలో ఆఫీసు బ్యాగు, ప్లాస్టిక్ కవర్లో తెల్ల నేత చీర. మామ్మ ఊరి నుంచి తెచ్చుకుని, ఇన్నేళ్ళూ పెట్టె అడుగున పెట్టుకున్నది. మడతలన్నీ పసుపుగీతలయ్యాయి.

"దీన్ని మెషీన్‌లో వేస్తే పాడవుతుందమ్మా. అమ్మ నీకు నేర్పింది కదా. మా ఇంటి దగ్గర తాడు కట్టనివ్వరు."

వెనక మెట్టు మీద ఉతికాను. గంజి కాచాను. ఆయన గిన్నెలో వేలు ముంచి చూశాడు. "ఇంకొంచెం పల్చన చెయ్. చిక్కగా ఉంటే గీసుకుంటది అనేది." ఆయన నోట ఆ యాస నేను వినడం అదే మొదటిసారి.

అప్పుడు బ్యాగు తెరిచి తాడు తీశాడు. నేను అందుకోబోతే ఇవ్వలేదు. కోటు విప్పి రైలింగ్ మీద వేసి, రెండు స్తంభాల మధ్య లాగి, పురిపెట్టాడు. నేను ఎన్నోసార్లు ప్రయత్నించాను, నాకు అంత బిగువు రాలేదు. ఆయన చూడకుండానే పెడుతున్నాడు. బొటనవేలితో సందు చేసి చీర కొన దూర్చి, ఇంకో బారెడు జరిగి మళ్ళీ దూర్చాడు. నడక కూడా మామ్మదే, పక్కకి పక్కకి, బట్టకి వీపు పెట్టకుండా. ఎన్ని వందలసార్లు చేస్తే చేతులకి అట్లా వస్తుందో నేను లెక్కకట్టలేను.

ఆరేదాకా మెట్టు మీద కూర్చున్నాడు. నాలుగున్నర కాకుండానే తీసేశాడు. తాడు చుట్టి బ్యాగులో పెట్టుకున్నాడు. ఇస్త్రీ నేను చేశాను, మడత ఆయన పెట్టాడు.

ఫ్యూనరల్ హోమ్‌కి అందరూ వచ్చారు. సంచులు పంపినవాళ్ళు కూడా. పెట్టెలో మామ్మ ఇంకా చిన్నగా ఉంది. చీర మాత్రం మల్లెపూవులా ఉంది. టీచరమ్మ కర్ర పట్టుకుని దగ్గరికొచ్చి, వంగి చూసింది.

"ఎంత తెల్లగా ఉందమ్మా చీర! ఎవరు ఉతికారు?"

అంకుల్ నా వైపు చూశాడు. ఆయన కళ్ళు అడిగింది నాకు తెలుసు. చెప్పమని కాదు.

"మెషీన్‌లోనే వేశాం టీచరమ్మగారూ," అన్నాను.

టీచరమ్మ ఆ చీర చెంగు రెండు వేళ్ళతో ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకుంది. చాలాసేపు పెట్టుకుంది. మళ్ళీ జాగ్రత్తగా సర్ది, ఏమీ అనకుండా పోయి కూర్చుంది.

మెషీన్‌లో ఆరిన బట్టకి ఆ వాసన రాదు. అది ఆవిడకి తెలుసు, ఆయనకి తెలుసు, నాకు తెలుసు. మా ముగ్గురికంటే బాగా తెలిసిన మనిషి పెట్టెలో ఉంది.